మా బావ అడిగే మొదటి ప్రశ్న

మా బావ జ్ఞానయ్యకు ఒక జబ్బు ఉంది. ఎవరు ఏ మోటారు తెచ్చి దుకాణం ముందు దించినా వెంటనే దాని మీద చెయ్యి వెయ్యడు. స్టూలు మీద కూర్చుని, తెచ్చిన మనిషి ముఖంలోకి చూసి, "గిది ఆఖరిసారి ఎవలు బంద్ చేసిండ్రు? ఎట్ల బంద్ చేసిండ్రు?" అని అడుగుతాడు.

అడిగేది ఒక్క ముక్కే. దానికి జవాబు చెప్పబోయి జనం తమ ఇంటి రామాయణమంతా విప్పుతారు. మందు కొట్టే పంపు తెచ్చిన రైతు తమ్ముడితో పొలం పంచుకున్న రోజు గురించి చెబుతాడు. ఫంక్షన్ హాల్ జనరేటర్ తెచ్చినవాడు ఆ రోజు పెళ్ళిలో పప్పు చాలక జరిగిన గొడవ చెబుతాడు. మా బావ అన్నీ వింటాడు. మధ్యలో విమానం తల మీదుగా పోతే వేలు పైకెత్తి ఆగమంటాడు. చప్పుడు దాటిపోయాక, "ఊఁ, చెప్పు" అంటాడు.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఆర్టీసీలో కండక్టర్‌గా చేసినవాణ్ణి. నా పేరు కరుణ్. పేరులో ఉన్న కరుణ బస్సులో ఎవరికీ కనపడలేదని మా డిపోలో అనేవారు, అది నిజమే. ఎక్కడ దిగుతావు అంటే దిగే చోటు చెప్పాలి గానీ ఎందుకు పోతున్నావో చెప్పకూడదు. రిటైరయ్యాక రోజూ పొద్దున్నే మా అక్క ప్రేమమ్మ ఇంటికి పోయి, ముందు గదిలో ఉన్న బావ దుకాణంలో పేపర్ చదువుకుంటూ కూర్చోవడం అలవాటయింది. బావ నిదానం చూస్తుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

"డాక్టర్లు గూడ గిన్ని అడగరు బావా" అన్నాను ఒకసారి.

"అందుకే మనుషులు మల్ల మల్ల పోతరు వాళ్ళ దగ్గరికి" అన్నాడు.

ఆ ప్రశ్న ఆయనకు ఊరికే రాలేదు. మామిడిపల్లిలో ఒక మోతుబరి బావి దగ్గర వాళ్ళ నాన్న ఆయిల్ ఇంజన్ నడిపేవాడు. పన్నెండేళ్ళకే బావ దాని పక్కన నిలబడి హ్యాండిల్ తిప్పడం నేర్చుకున్నాడు. ఇరవై ఏళ్ళప్పుడు ఎవరిదో పంపు నీళ్ళు ఎత్తడం లేదంటే రెండు రోజులు విప్పి బిగించాడట. ఏ లోపమూ దొరకలేదు. మూడో రోజు తెలిసింది, అన్నదమ్ములు కొట్లాడుకుని తమ్ముడు పీల్చే పైపులో పాత లుంగీ కుక్కాడని. "మోటరు మంచిగనె ఉండె. మనుషులే ఖరాబైండ్రు" అంటాడు బావ ఇప్పటికీ. అప్పటినుంచి ముందు మనుషుల్ని విప్పుతాడు, తర్వాతే మోటారు.

తర్వాత విమానాశ్రయం వచ్చి, మా శంషాబాద్ చుట్టూ బావులు పూడి ప్లాట్లయ్యాయి. ఒక బావి పూడితే బావకు ఒక గిరాకీ పోయినట్టే. ఆయన పరేషాన్ కాలేదు. రాజేంద్రనగర్ యూనివర్సిటీ పొలాల స్ప్రేయర్లు, ఫామ్‌హౌస్‌ల గడ్డి కోసే మిషన్లు, ఏవి వస్తే అవి బాగుచేశాడు. ఇప్పుడాయనకు అరవై రెండు. చెవులు మాత్రం ఇరవై ఏళ్ళవే.

మొన్న వానాకాలంలో ఒక గురువారం, ట్రాలీ ఆటోలో జంగమ్మ వచ్చింది. మాకు ఆరు కిలోమీటర్ల దూరంలో పెద్ద చెరువు ఉంది. దాని ఒడ్డునున్న ఊళ్ళో చేపలు పట్టే కుటుంబం వాళ్ళది. భర్త అనంతయ్యను నేనెరుగుదును. నా బస్సులో చేపల గంపతో ఎక్కి, తిట్టించుకుని, నవ్వుతూ వెనక సీటుకు పోయేవాడు. ఆయన పోయి ఆరేళ్ళు.

ఆటోలోంచి ఇద్దరు పట్టి దించారు. నల్ల గొంగడిలో చుట్టిన బరువు. గొంగడి విప్పితే పడవ మోటారు. చిన్నదే, మనిషి ఒక్కడు మోసుకుపోగలిగినంత. పైన మూత, దాని కింద చిన్న ట్యాంకు, కింద పొడుగాటి కాలు, కాలి చివర మూడు రెక్కల ఫ్యాను. పడవ వెనక పలకకు బిగించుకుని తాడు లాగితే నడుస్తుంది. మూత మీద పసుపు రాసి ఉంది, దాని మీద కుంకుమ బొట్టు. ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటి ఆరు దసరాల బొట్లు.

"చెరువు కాడ రిసార్ట్ మూసేసిననాడు పాత సామాన్లల్ల కొన్నడు" అంది జంగమ్మ. "మా దిక్కు అందరియి థర్మాకోల్ తెప్పలు. మాది ఒక్కటే మోటరు పడవ. ఊరంత నవ్విండ్రు. ఆయన కూడ నవ్విండు, కొన్నంక."

జంగమ్మ నిలబడి మాట్లాడుతుంటే కుడి భుజం ఎడమదానికంటే కిందికి ఉండటం కనిపించింది. బావ స్టూలు చూపించాడు. కూర్చోలేదు.

"అన్నా, ఐతారం పొద్దున ఎనిమిదింటికి ఇది నడవాలె" అంది.

సంగతి ఇది. వాళ్ళ చేపల సంఘంలో ఒక కట్టు ఉంది. ఏటా చెరువులో చేప పిల్లల్ని వదిలే రోజున ప్రతి సభ్యుడూ సొంత పడవ మీద, తెప్ప మీద నడి చెరువు దాకా పోవాలి. తన వంతు పిల్లల్ని తన చేత్తో వదలాలి. వరుసగా రెండేళ్ళు రానివాళ్ళ పేరు మూడో ఏడు కొట్టేసి, వరుసలో కాచుకున్న ఇంకో ఇంటికి ఇస్తారు. ఇందులో ఎవరి కుట్రా లేదు. చెరువు ఒకటే, కడుపులు ఎక్కువ. అనంతయ్య పోయాక పేరు జంగమ్మకు మారింది. నాలుగేళ్ళు ఆమె తెడ్డు వేసుకునే పోయింది, వలలు వేసింది, చేపలు అమ్మింది. ఆ తర్వాత రేవు మెట్ల మీద జారిపడి భుజం విరిగింది. ఎముక అతికింది గానీ చెయ్యి తెడ్డుకు లేవడం లేదు. రెండేళ్ళు అలా పోయాయి. ఇది మూడోది.

"వేరేవాళ్ళ పడవల కూసొని పోరాదు?" అన్నాను.

"సొంత పడవ అన్నరు గదన్నా. చెరువుల నాది అని ఒక్కటుండాలె" అంది.

బావ తన ప్రశ్న అడిగాడు. ఆఖరిసారి ఎవరు బంద్ చేశారు, ఎలా బంద్ చేశారు.

జంగమ్మ చూపు నేల మీదికి పోయింది. "ఆయననే. ఒడ్డుకొచ్చి బంద్ చేసిండు. గంతే."

మా బావ దుకాణంలో ఇంత పొట్టి జవాబు నేను ఎన్నడూ వినలేదు. నాకు ఆమె మీద గౌరవం కలిగింది. బావ మాత్రం ఆమెను కాసేపు అలాగే చూసి, "సరే చెల్లె, రేపు మాపు చూద్దాం" అన్నాడు.

ఆమె వెళ్ళగానే నేను తాడు పట్టుకున్నాను. బావ నా చెయ్యి మీద కొట్టాడు. ఆరేళ్ళు పండుకున్నదాన్ని ఒక్కసారి గుంజి లేపకూడదట. ముందు ప్లగ్గు తీసి, ఆ బొక్కలో నాలుగు చుక్కల నూనె వేసి, పైచక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాడు. లోపల పిస్టన్ కదిలింది, తుప్పు పట్టలేదు. ట్యాంకు మూత తీస్తే పెట్రోల్ వాసన కాదు, రంగుల దుకాణం వాసన వచ్చింది. వంచితే టీ డికాషన్ లాంటి నీళ్ళు కారాయి.

"పెట్రోల్ గూడ పాశిపోతదా బావా?"

"పాలసొంటిదే. జర ఎక్కువ రోజులు ఆగుతది."

కార్బురేటర్ విప్పాడు. పెట్రోల్ పోయే సన్నని రంధ్రం జిగురుతో పూడుకుపోయింది. రాగి తీగలోంచి ఒక పోగు తీసి, దాన్ని అందులో పెట్టి, దారం ఎక్కించే దర్జీలా ఒక కన్ను మూసుకుని గంటసేపు గీకాడు. తర్వాత కింద కాలు విప్పితే ఇంకో నష్టం. మోటారు వేడెక్కకుండా చెరువు నీళ్ళను పైకి తోడే రబ్బరు చక్రం ఒకటి ఉంటుంది. దాని రెక్కలు ఎండి, వంగి, రెండు విరిగి ఉన్నాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు.

శుక్రవారం నేను రాణిగంజ్‌కు బస్సెక్కాను. పంపుల సామాను దొరికే ఆ గల్లీలలో పదిహేడు దుకాణాలు తిరిగాను. అందరూ ఆ రబ్బరు ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, నన్ను సముద్రానికి పొమ్మన్నారు. పద్దెనిమిదో దుకాణంలో ఒక ముసలాయన డబ్బా అడుగు నుంచి అలాంటిదే తీశాడు. రావడానికి రెండు బస్సులు మారి, కండక్టర్‌తో చిల్లర దగ్గర గొడవపడ్డాను. ఇన్నేళ్ళకు అవతలి పక్షాన నిలబడి చూశాను, వాళ్ళు నిజంగానే మొరటుగా మాట్లాడతారు.

శనివారం పొద్దున బావ అంతా బిగించాడు. కొత్త పెట్రోల్‌లో లెక్క ప్రకారం నూనె కలిపి పోశాడు. నీళ్ళ డ్రమ్ము మీద అడ్డంగా దుంగ కట్టి, దానికి మోటారును బిగించి, కాలు నీళ్ళలో ముంచాడు. మూత మీది పసుపు మాత్రం తుడవలేదు. మిగతా ఒళ్ళంతా పెట్రోల్ గుడ్డతో మెరిసేలా తుడిచి, బొట్ల చుట్టూ వదిలేశాడు.

మా అక్క టీ తెచ్చి, "పాస్టరయ్య చూస్తె ఏమంటడో" అంది నవ్వుతూ.

"బొట్టు మోటరుది. నాది కాదు" అన్నాడు బావ.

తాడు లాగాడు. ఉలుకూ పలుకూ లేదు. పది సార్లు లాగాడు, నేను పది సార్లు లాగాను. ఇద్దరికీ చెమటలు పట్టాయి గానీ దానికి పట్టలేదు. ప్లగ్గు తీసి ఇంజన్‌కు ఆనించి తాడు లాగితే నిప్పురవ్వ లేదు. కొత్త ప్లగ్గు వేసినా లేదు. మధ్యాహ్నమైంది. బావ అన్నం మానేసి ఒక్కో తీగా పట్టుకుని పోయాడు. నాకు భయం మొదలైంది. బయటికి మాత్రం కోపంగానే కనపడ్డాను, నాకు తెలిసింది అదే.

మూడు గంటలప్పుడు ఒక నల్ల తీగ ఊడదీసి లాగితే ప్లగ్గు కొనలో నీలంగా మెరిసింది. ఆ తీగ పోయేది ముందువైపున్న ఎర్ర బటన్‌లోకి. నొక్కితే మోటారు ఆగే బటన్ అది, ఆ మాత్రం మాకు తెలుసు. తెలియంది ఏమిటంటే, ఆ బటన్ ఇప్పుడు ఎవరూ నొక్కకుండానే లోపలికి పోయి కూర్చుంది. అంటే ఆరేళ్ళుగా ఎవరో వేలితో నొక్కి పట్టుకున్నట్టే ఉంది. బావ దాన్ని గోటితో బయటికి లాగితే, బటన్ మెడకూ గోడకూ మధ్య ఏదో పట్టేంత సందు కనపడింది. వదిలితే మళ్ళీ లోపలికి పోయింది.

"ఈడ ఏదో కూసునేది కరుణూ. అది ఉంటెనె ఇది నడుస్తది" అన్నాడు. పొలం పంపులకు, స్ప్రేయర్లకు అలాంటిది ఉండదు. అందుకే నలభై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నవాడికి అది రెండు రోజులు కనపడలేదు.

"ఇంకేంది, ఆ తీగ కోసి పారెయ్. అయిపాయె" అన్నాను.

బావ నా వైపు చిత్రంగా చూశాడు. "గది ఎందుకు పెట్టిండ్రో సోంచాయించినవా? దానికి తాడుంటది. తాడు మనిషి చేతికుంటది. మనిషి నీళ్ళల్ల పడితె తాడు గుంజుకొని మోటరు ఆగుతది. తీగ కోస్తె, ఆమె పడ్డ దినం పడవ ఆమెను ఇడిసిపెట్టి పోతది. ఒంటి చెయ్యితోని ఈదుతదా?"

ముప్పై ఒక్క ఏళ్ళు మనుషుల్ని ఎక్కించి దించాను. దిగకముందే రైట్ కొట్టిన రోజులు గుర్తొచ్చి సిగ్గేసింది.

బావ ఫోన్ చేయించాడు. జంగమ్మ నాలుగున్నరకు వచ్చింది. ఈసారి స్టూలు మీద కూర్చుంది. బావ ఎర్ర బటన్ చూపించి, "ఈడ ఒకటి ఉండాలె చెల్లె. తాడుతోని ఉంటది. యాడ ఉన్నది?" అని అడిగాడు.

ఆమె ముఖం పాలిపోయింది. "అది లేకుంటె నడవదా?"

"నడవది."

"మనిషి పడితె ఆపెతందుకే అది అనుకున్న. నడవనీకె గూడ అదే కావాలెనా?"

విమానం ఒకటి దిగుతూ పోయింది. బావ వేలెత్తలేదు. ఆమే అంతవరకూ ఆగి, చెప్పడం మొదలుపెట్టింది.

ఎర్ర తాడు. చుట్టలు చుట్టలుగా ఉండేది. పొద్దున్నే అనంతయ్య చెయ్యి చాపితే తనే మణికట్టుకు తొడిగేది. ఆఖరి రోజు ఆయన వలలు వేయకుండానే వెనక్కి వచ్చాడు. ఒళ్ళు కాలిపోతోంది, పళ్ళు టకటకలాడుతున్నాయి. ఒడ్డు దగ్గర చెయ్యి గుంజితే తాడు ఊడి మోటారు ఆగింది. తాడు చేతికే ఉండగా ఇంటికొచ్చి పడుకున్నాడు. అలాగే దవాఖానకు తీసుకుపోయారు. సెలైన్ ఎక్కించడానికి అడ్డమని నర్సమ్మ ఆ తాడు తీసి జంగమ్మ చేతిలో పెట్టింది.

"అది పట్టుకొని ఏం జెయ్యాల్నో సమజ్ కాలే అన్నా. మా ఊరి గుట్ట మీద చిన్న దర్గా ఉన్నది. అందరం పోతం. మొక్కుకొని కిటికీ జాలీకి దారం కడతం. మొక్కు తీరినంక పోయి ఇప్పుకొస్తం. నేను దారం కొనలే. ఆయన చేతిది కదా, ఇదే కడితె ఆయననే కట్టినట్టు, యాడికి పోడు అనుకున్న. ఆయన లేచి నడిచినంక ఇద్దరం వచ్చి ఇప్పుకుంటం అని మొక్కిన."

అనంతయ్య నాలుగో రోజు పోయాడు.

"మొక్కు తీరితెనె ఇప్పాలె. తీరకపోతె ఏం జెయ్యాల్నో ఎవలు చెప్పలే" అంది. "గుట్ట దిక్కు పోలే నేను మల్ల. ఏటా దసరకు మోటరుకు బొట్టు పెట్టిన గానీ గుట్ట దిక్కు చూడలే."

గది తలుపు దగ్గర నిలబడి ఉన్న మా అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా బస్సులో చేపల వాసనని తిట్టినందుకు అనంతయ్యకు ఎప్పుడూ సారీ చెప్పలేదు నేను.

బావ లేచి లోపలికి పోయాడు. పాత నూనె డబ్బా దళసరి ప్లాస్టిక్ మూత ఒకటి తెచ్చి, ఆకురాయితో అరగదీస్తూ కూర్చున్నాడు. అరగంటలో రెండు కొమ్ముల చిన్న ముక్క తయారైంది. బటన్ మెడలో తొడిగితే సరిగ్గా పట్టింది. దానికి గట్టి నైలాన్ తాడు ముడేశాడు. మోటారు తాడును మెల్లగా బిగుసుకునే దాకా లాగి, తర్వాత ఒక్క గుంజు గుంజాడు. రెండోసారికి దగ్గింది. నాలుగోసారికి అందుకుంది. డ్రమ్ములో నీళ్ళు పొర్లి నా చెప్పుల దాకా వచ్చాయి. వెనకనుంచి సన్నని నీటిధార చిమ్మింది, రాణిగంజ్ రబ్బరు పనిచేస్తోందని గుర్తు. బావ కళ్ళు మూసుకుని విన్నాడు.

"నువ్వు యాడికి పోవొద్దు, ఏది ఇప్పొద్దు" అన్నాడు ఆమెతో, మోటారు ఆపాక. "ఇదీ అదీ ఒక్కటే పని జేస్తయి."

ఆమె తలూపింది. తర్వాత బావ ఆమెకు ఎడమ చేత్తో తాడు లాగడం నేర్పాడు. కుడి పాదం పలకకు తన్ని పెట్టి, భుజంతో కాదు, నడుముతో వెనక్కి వాలాలి. ఆరోసారికి ఆమె చేతి కిందనే స్టార్ట్ అయింది. అప్పుడు నవ్వింది, మూడు రోజుల్లో మొదటిసారి.

ఆదివారం ఏడుంపావుకల్లా మోటారును ఆటోలో వేసుకుని చెరువు దగ్గరికి చేరాం. పదింటికి చర్చిలో ప్రార్థన. ఆలస్యమైతే ఇంటికి రావద్దని మా అక్క చెప్పి పంపింది. చెరువు నిండుగా ఉంది. తెప్పలన్నీ వరుసగా ఒడ్డున ఉన్నాయి. చేప పిల్లల సంచులు గాలి నింపుకుని లారీలో మెరుస్తున్నాయి. సంఘం సెక్రటరీ అరుణ్‌కుమార్, జంగమ్మకు కొడుకు వయసువాడు, పేర్ల కాగితం పట్టుకుని తిరుగుతున్నాడు. అనంతయ్య పడవను ఊరివాళ్ళే బోర్లించినచోటు నుంచి తిప్పి నీళ్ళలోకి తోశారు. బావ మోటారు బిగించాడు.

జంగమ్మ లేదు.

ఏడున్నర. ఏడు నలభై. నేను గడియారం చూస్తూ ఒడ్డు మీద పచార్లు చేశాను. ఫోన్ ఎత్తడం లేదు. ఏడూ యాభైకి అరుణ్‌కుమార్ వచ్చి, "పెదనాయనా, జంగమ్మ పెద్దమ్మ రాలేదా? పేర్లు పిలుస్త నేను" అన్నాడు. వాడి గొంతులోనూ ఇబ్బంది ఉంది.

"పిలువు బిడ్డా. ఆమె పేరు ఆఖరికి పిలువు" అన్నాను. అలా ఒకరికోసం బస్సు ఆపమని నేను జీవితంలో అడగలేదు.

పేర్లు సగం అయ్యేసరికి ఆమె కనపడింది. ఊరి దారిలోంచి కాదు, గుట్ట దిక్కు నుంచి. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, కాళ్ళనిండా తడి మట్టితో, గబగబా దిగి వస్తోంది. ఎడమ మణికట్టుకు ఎర్ర తాడు. ఎర్ర అనడానికి లేదు. చుట్టలకు ఎండ తగిలిన వైపు గులాబీ రంగుకు వెలిసిపోయింది, లోపలి వైపు మాత్రం ఇంకా ఎర్రగానే ఉంది.

బావ తన ప్లాస్టిక్ ముక్కను అప్పటికే చేతిలో పట్టుకుని ఉన్నాడు. తాడు చూశాడు. ముక్కను జేబులో వేసుకున్నాడు. జంగమ్మ చెయ్యి చాపింది. ఆయన తాడు కొనకున్న ప్లాస్టిక్ బిళ్ళను పట్టుకుని, లాగి చూసి, గోటితో గీకి చూసి, పగుళ్ళేమైనా ఉన్నాయేమోనని వెలుతురుకు పట్టి చూశాడు. అది ఆరేళ్ళ మొక్కు తాడే అయినా సరే, పనివాడు పనివాడే.

"గట్టిగనె ఉన్నది" అన్నాడు. బటన్ మెడలో తొడిగితే చిన్నగా టక్కుమంది.

నేను ఉండబట్టలేకపోయాను. "మొక్కు తీరకుండనే ఇప్పినవా జంగమ్మా?"

ఆమె పడవ ఎక్కుతూ ఆగింది. "రాత్రంత నిద్ర పట్టలే అన్నా. అన్న చేసిచ్చిన ముక్క మంచిగనె ఉన్నది. కానీ ఆయన తాడు ఆడ కట్టేసి, నేను ఇంకో తాడుతోని నీళ్ళకు పోతె, ఆయనను ఇంక ఆ దవాఖాన మంచం మీదనె పండబెట్టినట్టు అనిపించింది. ఆరేండ్లాయె. చాలు." కాస్త ఆగి, "ముడి బిగుసుకపోయింది. దర్గా చూసుకునే ముజావర్ తాత కత్తి ఇచ్చిండు. నేను పండ్లతోని ఇప్పిన" అంది.

"జంగమ్మ, అనంతయ్య భార్య" అని అరుణ్‌కుమార్ పిలిచాడు.

"ఉన్న" అంది ఆమె.

సంచి పడవలోకి ఎక్కించారు. కుడి పాదం తన్ని పెట్టింది. మొదటిసారి లాగితే లేదు. రెండోసారి లేదు. ఒడ్డు మీద ఎవరో నవ్వబోయి ఊరుకున్నారు. మూడోసారి నడుముతో వెనక్కి వాలి లాగింది, మోటారు అందుకుంది. పడవ ముందు భాగం కొంచెం లేచి, తెప్పల మధ్యలోంచి వంకరగా, తర్వాత తిన్నగా పోయింది. నడి చెరువులో ఆమె సంచి వంచి చేప పిల్లల్ని వదలడం మాకు ఇక్కడినుంచి బొమ్మలాగే కనపడింది. విమానం ఒకటి చెరువు మీదుగా ఎగిరింది. బావ అలవాటుగా వేలెత్తాడు, కానీ చూపు మాత్రం పడవ మీదే ఉంది. చప్పుడు దాటిపోయాక ఆయన చెవికి మళ్ళీ మోటారు వినపడినట్టుంది, వేలు దించాడు.

ఇరవై నిమిషాల తర్వాత ఆమె తిరిగి వస్తూ కనపడింది. అరుణ్‌కుమార్ కాగితం మీద టిక్కు పెట్టి, సంతకం కోసం రేవు అంచున నిలబడ్డాడు. ఆమె అటు చూడలేదు. పడవ రేవుకు ఇంకా నాలుగు బారల దూరంలో ఉండగానే బావను చూస్తూ, తాడున్న చెయ్యి పైకెత్తి ఒక్క గుంజు గుంజింది. మోటారు ఆగింది. పడవ తనంతట తానే మెల్లగా ఒడ్డుకు జారుకుంటూ వచ్చింది.

"అన్నా, నువ్వు అడుగుతవు గదా" అంది జంగమ్మ. "యాదికుంచుకో. ఆఖరిసారి బంద్ చేసింది నేను."

బావ తలూపి, పడవ అంచు పట్టుకుని ఒడ్డుకు లాగాడు. నేను ఇంకో వైపు పట్టాను. ప్రార్థనకు మేం ఆలస్యంగానే పోయాం.